మార్కండేయులు మామ గుడ్లగూబ కార్డు

ధర్మవరంలో మార్కండేయులు నోట "వద్దు" అన్న మాట విన్నవాళ్లు లేరు. పక్కింటివాళ్లు వినలేదు, ఆయన దగ్గర పట్టు నూలు కొనే నేతగాళ్లు వినలేదు. పెళ్లయిన నాటి నుంచి చెవులు రిక్కించుకుని కూర్చున్న భార్య యశోదమ్మ కూడా వినలేదు. ఆయన కాఫీ వద్దనలేడు. కాఫీ తాగాక టీ వద్దనలేడు. రెండూ తాగాక ఎవరైనా "కొంచెం మజ్జిగ పుచ్చుకోండి" అంటే గ్లాసు ఎత్తి, ఇచ్చినవాళ్ల మొహం చూసి నవ్వి, కళ్లు గట్టిగా మూసుకుని మింగేస్తాడు. మొగమాటం అందరికీ ఎంతో కొంత ఉంటుంది. ఈయన దాన్ని ఉద్యోగంలాగా చేసేవాడు, ఆదివారం సెలవు కూడా తీసుకునేవాడు కాదు.

ఒక ఆదివారమే క్షవరం చేయించుకుని వస్తుంటే, సందు మొదట్లో ఓబుళప్ప తన సెలూను గడపలో నిలబడి, "ఏమప్పా మార్కండేయులూ, మా షాపు మర్సిపోతివా" అన్నాడు. మర్చిపోలేదని చెప్పడానికి ఇంకో దారి తోచక ఆయన పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఓబుళప్ప ఆ తలను ఇటు తిప్పి, అటు తిప్పి, "ఈడ ఇంగేముండాదప్పా కత్తిరించేకి?" అన్నాడు. "నీకేది కనపడితే అది తియ్యి" అన్నాడు మార్కండేయులు. నున్నటి గుండుతో ఇంటికొస్తే, తలుపు తీసిన యశోదమ్మ ఎవరో పోయారనుకుని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని ఎదురింటావిడ పరుగున వచ్చి, గుండు చూసి, "తిరపతికి పోయింటివా అన్నా?" అంది. కాదనడం కూడా ఆయన వల్ల కాదు. "ఊ" అన్నాడు. "మరి ప్రసాదమో?" అంది ఆవిడ. మార్కండేయులు మళ్లీ చెప్పులు వేసుకుని, మిఠాయి కొట్టుకు పోయి లడ్లు తెచ్చి వీధంతా పంచాడు. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు.

ఇలాంటి మామకు అల్లుడు ప్రసాద్. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఏ సామాను ఏ అరలో ఉండాలో ఆ అరలో లేకపోతే అన్నం సహించని మనిషి. లోకంలో ప్రతి సమస్యకూ ఎక్కడో ఒక సెట్టింగు ఉంటుందని, దాన్ని మారిస్తే సరిపోతుందని అతని నమ్మకం. మామలో ఆ సెట్టింగు ఎక్కడుందో వెతకడం పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. ధర్మవరం వచ్చినప్పుడల్లా మామను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు.

"నా మాదిరి అను మామా. వద్దు."

"ఊ."

"ఊ అంటే కాదు. వద్దు అనల్ల."

"అట్లనేలే అల్లుడూ."

లోపలి నుంచి సుచిత్ర నవ్వేది. "మా నాయనకు అది నేర్పించేకి మీకు ఈ జన్మ సాలదు" అనేది మొగుడితో.

ఇక కార్డు సంగతి. అది రైల్లో అంటుకుంది. పట్టు నూలు బేరానికి హిందూపురం పోయి తిరిగొస్తున్న మార్కండేయులు పక్కన చంద్రశేఖర్ అని, బెంగళూరులో ఏదో యాప్ కంపెనీలో పనిచేసే అతను కూర్చున్నాడు. హిందూపురంలో మాట కలిపి, పెనుకొండ వచ్చేలోగా ఆయన ఫోన్లో ఒక యాప్ వేశాడు. పెనుకొండ దాటి ధర్మవరం వచ్చేలోగా ఆయన చేత క్రిప్టో కాయిన్లు కొనిపించాడు. ఆ కాయిన్ మీద గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. చేత్తో పట్టుకుందామంటే దొరకదు, ఫోన్లో మాత్రమే ఉంటుంది. రేటు మాత్రం హిందూపురం మార్కెట్టులో పట్టుగూళ్ల రేటులాగా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దానికో కార్డు. ఆన్‌లైన్లో దేనికైనా సబ్‌స్క్రిప్షన్ కట్టి ఆ కార్డు నంబరు కొడితే, నెలనెలా కొన్ని గుడ్లగూబలు ఆ రోజు రేటుకు డాలర్లుగా మారి అటు ఎగిరిపోతాయి. గుడ్లగూబలు చాలకపోతే కార్డు చెల్లదు, సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది.

యశోదమ్మకు ఆ పక్షి పేరు ఇంట్లో ఎత్తడమే గిట్టలేదు.

"పొద్దున్నే దాని మొగం చూస్తారా ఎవురన్నా?"

"అది లక్ష్మీదేవి వాహనమంటనే. చంద్రశేఖర్ చెప్పినాడు."

"ఆయమ్మ దాన్నెక్కి మనింటికి వస్తాదో, మనింట్లోంచి పోతాదో, అది గూడా చెప్పినాడా?"

యాప్ తెరిస్తే చాలు, "మొదటి నెల ఉచితం, తీసుకుంటారా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. కింద రెండు బొత్తాలు. ఒకటి సరే, ఇంకోటి వద్దు. ఆ ఇంకో బొత్తం మార్కండేయులు కంటికి ఆనేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆయన పిల్లులకు యోగా నేర్పే చానెల్లో, నార్వే సముద్రంలో చేపలు పట్టేవాళ్లకు గాలి కబుర్లు చెప్పే యాప్‌లో, ఫిన్లాండు భాష పాఠాల్లో, ఇంటి ముందు పేరుకున్న మంచును నడుం పట్టకుండా ఎత్తిపోసే శిక్షణలో సభ్యుడయ్యాడు. చేరి ఊరుకుంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని అన్నీ శ్రద్ధగా చూసేవాడు. మే నెలలో, ధర్మవరం ఎండకు బండలు పగులుతుంటే, బనీనుతో ఫ్యాను కింద కూర్చుని మంచు పార ఎలా పట్టుకోవాలో నేర్చుకునేవాడు. ఆయన ఇంటి ముందుగదిలో మగ్గం నేసే అంజనప్ప మంచినీళ్లకు లేస్తే, "అంజనప్పా, పార ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచల్ల, నడుము వంచితే పట్టుకుంటాది" అని చెప్పేవాడు. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే అంజనప్ప, పెద్దాయన ఎందుకు చెబుతున్నాడో తెలియక, "కానీలేప్పా, జాగ్రత్తగా ఉంటా" అని పోయేవాడు.

ఒకసారి ప్రసాద్ పట్టుబట్టి, పిల్లుల యోగా రద్దు చేయిస్తానని మామ ఫోన్ తీసుకున్నాడు. రద్దు అన్నచోట నొక్కగానే తెర మీద ఒక పిల్లి బొమ్మ వచ్చింది. దాని కళ్ల నిండా నీళ్లు. కింద "మీరు వెళ్లిపోతున్నందుకు మాకు చాలా బాధగా ఉంది" అని ఉంది. మార్కండేయులు అల్లుడి చేయి పట్టుకున్నాడు.

"ఏడుస్తాండాదప్పా."

"బొమ్మ మామా అది."

"బొమ్మయితే మాత్రం, మన వల్లనే గదా ఏడ్చేది."

"ఇది రాసి పెట్టినోడు యాడో ఏసీలో కూర్చుని నవ్వుకుంటాంటాడు. ఇట్లాంటివి రాసేటోళ్లు మనుషులేనా అసలు?"

"పోనీలేప్పా, వచ్చే నెల చూద్దాం" అని మార్కండేయులు ఫోన్ మెల్లగా లాక్కుని, పిల్లి కనపడకుండా బోర్లించి పెట్టాడు.

ఆ కార్డులో ఆయనకు నచ్చిన గుణం ఒకటే. తను అనలేని మాట అది అంటుంది. గుడ్లగూబ రేటు పడి కార్డులో సరుకు చాలనప్పుడు పిల్లులూ చేపలూ మంచూ అన్నీ వాటంతట అవే ఆగిపోయేవి. "నేనేమన్లేదు, ఆ పక్షి అన్న్యాది" అని మార్కండేయులు చేతులు దులుపుకునేవాడు. రేటు పడితే ఆ కాయిన్ కొన్నవాళ్లంతా దిగులుతో మూల కూర్చుంటే, ఈయన ఒక్కడే మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చేవాడు. పాపం, ఆ సుఖం ఆయనకు ఎంతోసేపు దక్కేది కాదు. చంద్రశేఖర్ ఫోన్ చేసి, "సార్, రేటు పడినప్పుడే కొనల్ల. కొంచెం వేద్దామా?" అనేవాడు. "వేయప్పా" అనేవాడు ఈయన. సాయంత్రానికల్లా పిల్లులు తిరిగొచ్చి యోగా మొదలుపెట్టేవి.

ఇంతవరకూ ప్రసాద్‌కు మామంటే నవ్వే. కానీ అల్లుడి బుర్ర మాత్రం అంత సవ్యంగా ఉందనుకోకండి. అతనికి పెనుకొండలో సొంత మంచం మీద నిద్ర పట్టేది కాదు. ధర్మవరంలో అత్తగారింట్లో మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే, పక్క గదిలో అంజనప్ప మగ్గం టకటకమంటుంటే, సుచిత్ర వచ్చి లేపేదాకా ఒళ్లు తెలిసేది కాదు. ఒకరోజు ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుపోయి, పెనుకొండలో వింటూ పడుకున్నాడు. హాయిగా నిద్ర పట్టింది. లోకంలో నిద్ర పట్టనివాళ్లు ఎందరున్నారో, వాళ్లందరికీ ఈ టకటక నెలవారీ చందాకు ఇస్తే ఎలా ఉంటుందని అతనికి తట్టింది. ఇలాంటివాటికి చోటిచ్చే ఒక విదేశీ సైటులో "ధర్మవరం మగ్గం నిద్ర" అని ఇంగ్లిషులో పేరు పెట్టి, వారానికో రికార్డు పెట్టసాగాడు.

"ఈ సప్పుడు వినేకి దుడ్లిస్తారా ఎవురన్నా? మేము పుట్టినప్పటి నుంచి ఊరికే వింటాండాం" అంది సుచిత్ర.

ఆమె అన్నట్టే అయింది. నెలలు గడిచినా ఒక్కరు చేరలేదు. ప్రసాద్ చిక్కిపోయాడు. కంపెనీలో బోల్టుల అరలో నట్లు పెట్టి, జీవితంలో మొదటిసారి పైవాళ్ల చేత మాట పడ్డాడు. ఒక మధ్యాహ్నం అంజనప్ప మగ్గం పక్కన ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడు, గుమ్మంలో నిలబడ్డ మామ వైపు తలెత్తి చూశాడు.

"నిజం చెప్పు మామా. దీన్ని ఎవురన్నా వింటారా?"

మార్కండేయులు అల్లుడి మొహం చూశాడు. మగ్గం చూశాడు. మళ్లీ అల్లుడి మొహం చూశాడు.

"యాల వినరప్పా? వింటారు" అన్నాడు.

ఆ వారమే మొదటి సభ్యుడు చేరాడు. దేశం ఫిన్లాండు.

తర్వాత నార్వే వచ్చింది. ఆ వెనకే అర్జెంటీనా, ఐస్‌లాండు. ప్రసాద్‌ను పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. పెనుకొండ ఇంట్లో గోడకు ప్రపంచ పటం తగిలించి, సభ్యుడు చేరిన ప్రతి దేశం మీదా కుంకుమ బొట్టు పెట్టాడు. సభ్యులు రికార్డుల కింద ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాసేవాళ్లు. ఫిన్లాండు ఆయన, "చాలా బాగున్నది. భోంచేసి పడుకున్నాను" అన్నాడు. నార్వే ఆయన, "మూడో నిమిషంలో పడుగు పోగు ఒకటి తెగినది. చూసుకోవలెను" అన్నాడు. అర్జెంటీనా ఆయన ఇంకొంచెం ముందుకు పోయి, "పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె కుడి పక్కకు వచ్చేటప్పుడు పట్టేస్తున్నది. నూనె వేయించండి" అని రాశాడు.

ప్రసాద్ ఇవన్నీ అంజనప్పకు చదివి వినిపించాడు. అంజనప్ప మగ్గం ఆపి నోరు తెరిచాడు.

"అవునప్పా, ఆ పొద్దు పోగు తెగినాది. నార్వేలో గూడా మన పని తెలిసినోళ్లు ఉండారే."

"మరి నూనె సంగతి?"

"అదీ నిజమే. నేనే రేపు మాపు అంటాండా. అంత దూరంలో ఉండే ఆయప్పకు తెలిసినాక ఇంగ వేయకుంటే బాగుండదు" అని అంజనప్ప లేచి నూనె డబ్బా తెచ్చుకున్నాడు.

పక్క గదిలో మార్కండేయులుకు దగ్గు తెర వచ్చి ఎంతకూ తగ్గలేదు.

ఒక ఆదివారం ధర్మవరంలో భోజనాల దగ్గర ప్రసాద్ అసలు మాట బయటపెట్టాడు. "ఉద్యోగం మానేస్తాండా అత్తా. హిందూపురంలో రూము తీసుకుని ఆడ ఒక మగ్గం పెట్టిస్తా. ఈ ఊళ్లో ఒక మగ్గం రికార్డు చేస్తే వీధిలో ఉండే మగ్గాలన్నీ పడతాండాయి. నిద్రపోయేటోళ్లకు ఒక మగ్గమే వినపడల్ల."

సుచిత్ర చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది. ఆమెకు అప్పుడు ఐదో నెల. "ఇంట్లోకి ఇంకో మనిషి వస్తాండే టయానికి ఉండే జీతం పోగొట్టుకుంటారా?" అంది. గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

"ఏడు దేశాల వాళ్లు వింటాండారు సుచీ. ఇంగేం కావల్ల? ఏం మామా, నువ్వు చెప్పు."

మార్కండేయులు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "వ" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "వ... వ..." అన్నాడు. యశోదమ్మ జాలిపడి ఇంకో గరిటె వంకాయ కూర వేసింది. ఆయన అది తినేసి చేయి కడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. తన చేతిలో ఉన్న ఆయుధం పక్షి ఒక్కటే. రేటు పడితే కార్డు చెల్లదు, దేశాలన్నీ వాటంతట అవే రాలిపోతాయి, తను నోరు విప్పక్కర్లేదు. పొద్దున లేవగానే ఫోన్ చూసేవాడు. పక్షి పైకి ఎగురుతోంది. గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి, "ఆ పక్షి కింద పడల్ల స్వామీ" అని మొక్కుకున్నాడు. పూజారి ఆయన్ని ఎగాదిగా చూసి, ఏ మూగజీవి మీద పగబట్టాడో అని, పక్షి క్షేమం కోసం అర్చన చేసి పంపాడు. సాయంత్రానికి రేటు ఇంకా పైకి పోయింది.

దానికి తోడు అల్లుడి సైటువాళ్లు కొత్త పని మొదలుపెట్టారు. "ఈ నిద్రను మీ మిత్రుడికి కానుకగా ఇస్తారా?" అని అడుగుతున్నారు. కింద అవే రెండు బొత్తాలు. వారం తిరిగేసరికి చిలీ, పోర్చుగల్, జపాను చేరాయి. పెనుకొండలో కుంకుమ భరిణ ఖాళీ అయింది.

ఇక లాభం లేదని మార్కండేయులు ఆ మాటేదో మొహం మీదే చెప్పడానికి పెనుకొండ బయలుదేరాడు. దారిలో ఎవరెవరు ఏమేం అడిగారో గానీ, ఒక బుట్ట సీతాఫలాలు, రెండు చీపుర్లు, దోమల బ్యాటు మోసుకుని అల్లుడి ఇంటికి చేరాడు.

"ఏం పనిమీద వస్తివి మామా?"

"అదే ప్రసాదూ... వ..."

"వచ్చింది మంచిదాయె. చిలీకి బొట్టు పెట్టల్ల, పెద్దోళ్ల చెయ్యి మంచిది. నువ్వు పెట్టు" అని ప్రసాద్ కొత్త కుంకుమ పొట్లం విప్పి పట్టుకున్నాడు. మార్కండేయులు పటం ముందు నిలబడి, చిలీకి బొట్టు పెట్టి, సీతాఫలాలు ఇచ్చేసి, చీపుర్లతో సహా ధర్మవరం తిరిగిపోయాడు.

హిందూపురంలో రూము కుదిరింది. రామాంజినమ్మ అనే ఆవిడ ఇంటి మేడ మీద గది. పెద్దవాళ్లు చూస్తే బాగుంటుందని ప్రసాద్ మామను కూడా తీసుకుపోయాడు. రాజీనామా ఫోన్లో రాసి పెట్టుకున్నాడు. తాళంచెవి చేతిలో పడగానే పంపెయ్యాలని అతని ఉద్దేశం.

"గాలి, ఎలుతురు అన్నీ ఉండాయి. దుడ్లు నిదానంగా ఇద్దురులే" అంది రామాంజినమ్మ. ఆమె మాట మెత్తన, మనిషి అంతకంటే మెత్తన. "ఏమప్పా పెద్దాయనా, నచ్చిందా?"

మార్కండేయులు నుదుటి మీద చెమట పోసింది. "వ" అన్నాడు. రామాంజినమ్మ కంగారుపడి కిందికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాడు. "ఇంకో సెంబు తెచ్చేదా?" అంది. తల ఊపాడు. అదీ తాగాడు. ఆమె కొంగుకు కట్టిన తాళంచెవి విప్పి ముందుకు చాపింది. ప్రసాద్ ఒక చేయి తాళంచెవి వైపు పోయింది, రెండో చేతి బొటనవేలు ఫోన్ మీదికి పోయింది. మార్కండేయులుకు ఆ వేలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మజ్జిగ గ్లాసు ఎత్తినప్పటిలాగా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వద్దు" అన్నాడు.

ఎవరన్నారో ప్రసాద్‌కు అర్థం కాలేదు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"నీళ్లా?" అంది రామాంజినమ్మ.

"నీళ్లు ఇయ్యమ్మా, తాగుతా. రూము వద్దు. రాజీనామా వద్దు." ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. "ఫిన్లాండు నేనే."

ప్రసాద్ బొటనవేలు ఫోన్ మీంచి తీసి, మామ మొహంలోకి చూశాడు.

"నార్వే?"

"నేనే. పోగు తెగినాక వింటా ఊరుకోలేకపోయినా."

"అర్జెంటీనా?"

"నేనే. నూనె వేసినాక బాగుండాదప్పా ఇప్పుడు."

"ఐస్‌లాండు, చిలీ?"

"అవీ నేనే. చిలీ, పోర్చుగల్, జపాను మాత్రం నాకు నేనే ఇచ్చుకున్న కానుకలు."

"ఇన్ని దేశాలు యాల మామా? ఒకటి సాలదా?"

"ఆడ అన్ని దేశాల పేర్లు వరసగా ఉండాయి. ఒక్కదాన్నే నొక్కితే మిగతావేమనుకుంటాయి? కార్డంటావా, ఆ పక్షోళ్లే 'ఇంకోటి ఇచ్చేదా' అని అడుగుతాంటారు."

ప్రసాద్ ఖాళీ గదిలో నేల మీద చతికిలబడ్డాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు. ఎంత వెతికినా ఏ అరలోనూ దొరకలేదు.

"నన్ను ఆట పట్టించేకా ఇదంతా?"

మార్కండేయులు అప్పుడు కళ్లు తెరిచాడు. తనూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు నన్ను అడిగితివి గదప్పా, ఎవురన్నా వింటారా అని. నీ మొగం చూసి వినరని ఎట్ల సెప్పేది? వింటారంటి. అన్నాక అది అబద్ధం కాగూడదు గదా. అందుకే నేనే విన్యా. ఒక్కటి గూడా ఇడిసిపెట్టలేదు. పక్క గదిలో అంజనప్ప నేస్తాంటే, నేను చెవుల్లో పెట్టుకుని మళ్లా అదే సప్పుడు వింటాంటి. నాకు పిచ్చి పట్టిందని మీ అత్త తాయత్తు గూడా కట్టించినాది" అని చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. తాయత్తు ఉంది.

దాన్ని చూసి ప్రసాద్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. తన రికార్డులన్నీ మొదటి నుంచి చివరిదాకా విన్న మనిషి లోకంలో ఒకడున్నాడు, ఆ మనిషి ఏడు సముద్రాల అవతల కాకుండా పక్కనే కూర్చున్నాడు. ఆ మాట పైకి అనడానికి అతనికి మొగమాటం అడ్డొచ్చింది.

"సరే పోనీ, కాఫీ అన్నా తాగిపోండప్పా" అంది రామాంజినమ్మ తాళంచెవి కొంగుకు కట్టుకుంటూ. మార్కండేయులు అప్పుడే లేచి నిలబడ్డాడు.

తిరుగు రైల్లో ప్రసాద్ రాజీనామా చెరిపేసి, సుచిత్రకు ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పాడు. అవతల ఆమె ఏమందో గానీ ఇతను "ఊ, ఊ" అనడం తప్ప ఇంకేమీ అనలేదు. తర్వాత మామ ఫోన్ తీసుకున్నాడు. "ఇంగ ఈ దేశాలన్నీ తీసేద్దాం మామా. ఫిన్లాండుతో మొదలుపెడతా" అని రద్దు అన్నచోట నొక్కాడు. తెర మీద ఒక చిన్న మగ్గం బొమ్మ వచ్చింది. దానికి రెండు కళ్లు. రెండింట్లోనూ నీళ్లు. కింద "మీరు కూడా వెళ్లిపోతే ఈ మగ్గం ఎవరి కోసం ఆడాలి?" అని ఉంది.

"అయ్యో" అన్నాడు మార్కండేయులు గుండె మీద చేయి వేసుకుని. "పిల్లులోళ్లే నయమప్పా. ఇట్ల రాసినోడు ఎవుడో, వాడు మనిషేనా?"

ప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు. పెనుకొండ కొండ దగ్గరికి వస్తోంది.

"నేనే మామా" అన్నాడు.

మార్కండేయులు ఫోన్ తీసుకుని మెల్లగా బోర్లించాడు. "పక్షి చూసుకుంటాదిలే" అన్నాడు.

పక్షి చూసుకుంది. మరుసటి వారం రేటు పడిపోయింది. పిల్లులు పోయాయి, చేపలు పోయాయి, ధర్మవరంలో మంచు ఎత్తిపోసే పని కూడా ఆగిపోయింది. యశోదమ్మ పాయసం వండింది. పెనుకొండలో ప్రసాద్ తడిగుడ్డ తీసుకుని పటం మీద బొట్లు తుడవబోతూ, ఎందుకైనా మంచిదని ఒకసారి సైటు తెరిచి చూశాడు. దేశాలన్నీ రాలిపోయాయి గానీ ఫిన్లాండు మాత్రం నిలబడి ఉంది. ఆ వారం రికార్డు కింద, "పోగు తెగలేదు. సంతోషము. భోంచేసి పడుకున్నాను" అని రాసి కూడా ఉంది. ధర్మవరానికి ఫోన్ కొట్టాడు.

"పక్షి పడిపోయినాది గదా మామా. ఫిన్లాండు ఎట్ల నిలబడింది?"

"చంద్రశేఖర్ ఫోన్ చేసినాడప్పా, అన్నిటికీ వేద్దామా సార్ అని. ఫిన్లాండుకు సాలినంత వేయమంటి."

"మరి మిగతావాటికి?"

"మిగతావాటికి ఆ మాట సెప్పినా."

"యా మాట?"

"అదేప్పా, హిందూపురంలో అన్న్యానే, ఆ మాట."

"ఒక్కసారి అను మామా, మళ్లా వినల్లని ఉండాది."

అవతల గిన్నె మీద గరిటె చప్పుడైంది. మార్కండేయులు గొంతు తగ్గించాడు.

"ఇప్పుడెట్లప్పా? మీ అత్త పాయసం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండాది. ఇది మూడో గిన్నె. పెట్టేస్తా" అన్నాడు.